పెట్రోలా, డీజిలా... పాలలెక్క పుస్తకాన్ని అడుగుదాం!

"మనమూ ఒక కారు కొందామా?" అని మావారు అడిగిన రోజు నుంచి, ఆ కారు వచ్చి వాకిట్లో నిలబడిన రోజు దాకా మా ఇంట్లో జరిగిన చర్చ అంతా ఇంతా కాదు. ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు కూడా ఇన్ని ఆరాలు తీయరేమో! రంగు సంగతి రెండు రోజుల్లో తేలిపోయింది. ఎంతమంది కూర్చోవాలన్నది వారంలో తేలింది. పెట్రోలు బండా, డీజిలు బండా అన్నది మాత్రం మూడు నెలలు నలిగింది.

"కార్లూ ఇంజన్లూ మగవాళ్ల సంగతి కదా, ఆడవాళ్ల పేజీలో దానికేం పని?" అని మీరు అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఒక్కమాట. రెండు సవర్ల గొలుసు కొనాలంటే తరుగెంత, కూలెంత అని నాలుగు కొట్లు ఎక్కి దిగుతాం కదా! దానికి ఎన్నో రెట్లు ఖరీదు చేసే కారు దగ్గరికొచ్చేసరికి "మీ ఇష్టమండీ" అని తప్పుకుంటాం. ఆ తర్వాత అయిదేళ్లపాటు కంతులు కట్టడానికి ఉప్పూపప్పుల్లో కోత పెట్టుకునేది ఎవరు? మనమే! అందుకే ఈసారి నేను తప్పుకోలేదు.

ఆ రాత్రి

మాది పెద్దపంజాణి. మావారు బడిపంతులు. రెండెకరాల టమాటా తోట, నాలుగు పాడి ఆవులు ఉన్నాయి. రోజూ బడికి మోటారు సైకిలు, ఊళ్లకు బస్సు. అలా పద్దెనిమిదేళ్లు గడిచిపోయాయి. కారు లేదన్న బాధ ఎప్పుడూ లేదు.

2024 కార్తీక మాసంలో ఒక రాత్రి మా అత్తకు గుండెలో నొప్పి వచ్చింది. పలమనేరు తీసుకెళ్లాం. మొదటి వైద్యం చేసి, వెంటనే వేలూరు తీసుకుపొమ్మన్నారు. ఆ వేళప్పుడు బాడుగ కారు దొరకడానికి రెండు గంటలు పట్టింది. ఒకాయన ఫోను ఎత్తలేదు. ఇంకొకాయన తెల్లారి వస్తానన్నాడు. ఆ రెండు గంటలూ మా అత్త నా చెయ్యి వదల్లేదు. దేవుడి దయవల్ల గండం గడిచింది. ఇంటికొచ్చాక మావారు మాటా పలుకూ లేకుండా మూడు రోజులున్నారు. నాలుగో రోజు అడిగారు, "మనమూ ఒక కారు కొందామా?" అని.

మేము అయిదుగురం. మా అత్త మోకాళ్లు వంచి కిందికి దిగి కూర్చోలేదు కాబట్టి కాస్త ఎత్తుగా ఉండే బండి కావాలి. తోట దగ్గరి మట్టిదారిలో అడుగు తగలకూడదు. అలా ఎస్‌యూవీ అనుకున్నాం, అందులోనూ నాలుగు మీటర్ల లోపు పొడవుండే చిన్నది. అక్కడిదాకా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. ఆ తర్వాతే మొదలైంది అసలు కథ!

ఊరంతా పండితులే

"డీజిలేక్కా! ఇంకో మాటే లేదు. ఏడుగురిని ఎక్కించినా కిక్కురుమనదు" అన్నాడు మా టమాటాలు మదనపల్లె మార్కెట్టుకు తోలే పికప్పు డ్రైవరు.

"డీజిలు జోలికి మాత్రం పోవద్దు వదినా, నేను పడింది చాలు" అని బెంగుళూరు నుంచి మా మరిది ఫోను.

"పదేళ్లకే డీజిలు బండిని తుక్కు కింద అమ్మేయాలంట కదా" అని పాలకేంద్రం దగ్గర ఒకరు. "పెట్రోలు పోయించేదానికి మీరేమైనా జమీందార్లా?" అని మా చిన్నాయన.

అందరూ మన మేలు కోరేవాళ్లే. కానీ ఒక్కరూ "మీరు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?" అని అడగలేదు! అన్నీ అయ్యాక తెలిసింది, అడగాల్సిన ప్రశ్న అదొక్కటేనని.

ముందు, ఈ రెండు ఇంజన్లకూ తేడా ఏమిటో తెలుసుకుందాం అనుకున్నాను. డిగ్రీ చదివిన మాటే కానీ నాకు ఇంజనంటే పొగ, చప్పుడు. అంతకుమించి తెలియదు. మా పిల్లవాడి సైన్సు పుస్తకం, మావారి పాఠం, మా అత్త జ్ఞాపకం, మూడూ కలిపితే నాకు అర్థమైంది ఇదీ.

లైటరూ, సైకిలు పంపూ

పెట్రోలు ఇంజను మన గ్యాసు పొయ్యి లాంటిది. పొయ్యి తిప్పి లైటరు నొక్కితే నిప్పురవ్వ పడి అంటుకుంటుంది చూడండి, అచ్చం అలాగే గాలీ పెట్రోలూ కలిసిన ఆవిరి మీద స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది.

డీజిలు ఇంజనులో లైటరు లేదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు మొదలు పట్టుకుంటే వేడిగా తగులుతుంది కదా! గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. పెట్రోలు ఇంజను గాలిని సుమారు పదోవంతుకు నొక్కితే, డీజిలు ఇంజను పదహారో పదిహేడో వంతుకు నొక్కుతుంది. ఆ వేడిలోకి డీజిలును సన్నటి తుంపరగా చిమ్మితే దానంతటదే మండుతుంది. అంత ఒత్తిడిని తట్టుకోవాలంటే ఇనుము గట్టిగా ఉండాలి, చిమ్మే పంపు ఖరీదైనది కావాలి. డీజిలు బండి ధర ఎక్కువ కావడానికి మొదటి కారణం ఇదే. దానికి తగ్గ లాభమూ ఉంది. నూనె పొదుపుగా కాలుతుంది. లీటరు డీజిలులో లీటరు పెట్రోలు కన్నా శక్తి కూడా పదో పన్నెండో శాతం ఎక్కువ. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడే బలం అందుతుంది. బరువు వేసుకుని ఘాటు ఎక్కేటప్పుడు పికప్పు డ్రైవరు చెప్పిన "కిక్కురుమనదు" అదే!

ఈ పాఠం జరుగుతుంటే మా అత్త నవ్వింది. "మీ మామ బాయికాడ పెట్టిన ఇంజను అదే కదమ్మే! హ్యాండిలు తిప్పి తిప్పి రెక్కలు పడిపోయేవి. మీ మామ సంతకు పోతే నేనే ఆడించేదాన్ని" అంది. నాకు ఆశ్చర్యం వేసింది. పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. మా అత్త ఒంటిచేత్తో డీజిలు ఇంజను ఆడించి వేరుశనక్కాయ చేనుకు నీళ్లు కట్టిందని నాకెవరూ చెప్పలేదు. కరెంటు మోటార్లు, బోర్లు వచ్చాక ఆ ఇంజనును పాత ఇనుముకు వేశారట.

వేరుశనక్కాయ అంటే గుర్తొచ్చింది. ఈ ఇంజనును కనిపెట్టినాయన జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్. ఆయన పేరే నూనెకూ వచ్చింది. 1897లో ఆయన ఇంజను మొదటిసారి సరిగ్గా పనిచేసింది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును ఏ నూనెతో నడిపి చూపించారో తెలుసా? వేరుశనగ నూనెతో! "అట్లయితే మన చిత్తూరు జిల్లాలో పండేదంతా ఇంజన్లకే పోస్తే పోపుకేం వేసుకోవాల?" అని మా అత్త నోరు నొక్కుకుంది.

చవక డీజిలు రోజులు పోయాయి

మా చిన్నాయన మాట ఉత్తమాట కాదు. అది పాతమాట, అంతే. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. డీజిలుకు మాత్రం రాయితీ ఉంచింది. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే, డీజిలు 41 రూపాయల దగ్గరుంది. లీటరుకు 32 రూపాయల తేడా! ఆ రోజుల్లో కొన్న కొత్త కార్లలో దాదాపు సగం డీజిలువంటే ఆశ్చర్యం లేదు.

2014 అక్టోబరులో డీజిలుకూ ఆ రాయితీ పోయింది. తేడా మెల్లగా తగ్గిపోయింది. 2020 జూన్‌లో అయితే ఢిల్లీలో పెట్రోలు కన్నా డీజిలే కొన్ని పైసలు ఎక్కువైపోయింది. మేము లెక్క వేసుకున్న 2025లో మన జిల్లాలో పెట్రోలు 110 రూపాయల చుట్టూ, డీజిలు 98 రూపాయల చుట్టూ ఉన్నాయి. అంటే తేడా 12 రూపాయలు. ముప్పై రెండు పన్నెండయ్యింది. మన మాట మాత్రం ఇంకా ముప్పై రెండు దగ్గరే ఆగిపోయింది!

ఇక్కడ మన సరిహద్దువాళ్లకు ఇంకో ఆశ ఉంది. కర్ణాటకలో పన్ను తక్కువ. 2025లో లీటరుకు ఏడు రూపాయల దాకా తేడా. "నంగిలి దాటి పోయించుకుంటే సరి" అన్నారు మావారు. 35 లీటర్లకు మిగిలేది 245 రూపాయలు. ఆ పని కోసమే రానూ పోనూ 60 కిలోమీటర్లు తిరిగితే అయ్యే పెట్రోలు ఖర్చు 500 రూపాయలు! ఎటూ కోలారుకో బెంగుళూరుకో పోతుంటే పోయించుకోండి. దానికోసమే పోతే మాత్రం అంతా నష్టమే.

పొగకు పెట్టిన జల్లెడ

ఇప్పుడు మా మరిది బాధ వినండి. ఆయన బెంగుళూరులో డీజిలు ఎస్‌యూవీ కొన్నాడు. ఇంటి నుంచి పిల్లల బడికి, అక్కణ్ణుంచి ఆఫీసుకు, అన్నీ కలిపి రోజుకు ఏడెనిమిది కిలోమీటర్లు. అదీ ట్రాఫిక్కులో తాబేలు నడక. ఏడాది తిరక్కుండా అద్దం ముందు పసుపుపచ్చ దీపం వెలిగింది. వర్క్‌షాపుకు తీసుకెళితే ఫిల్టరు పూడుకుపోయిందన్నారు. శుభ్రం చేసి ఇచ్చారు. మూడు నెలలకు మళ్లీ అదే దీపం! రెండుసార్లకూ కలిపి ఇరవై వేలు వదిలాయట. బండిలో లోపమేమీ లేదు. బండికి ఆ వాడకం సరిపడలేదు, అంతే.

సంగతేమిటంటే, 2020 ఏప్రిల్ 1 నుంచి మనదేశమంతటా బీఎస్-6 అనే పొగ నిబంధన వచ్చింది. నూనెలో గంధకాన్ని పది లక్షల భాగాలకు 50 నుంచి 10 భాగాలకు తగ్గించారు. డీజిలు కార్ల పొగలో మసిని అయిదింట నాలుగు వంతులు తగ్గించమన్నారు. అది మంచికే. డీజిలు పొగ క్యాన్సరుకు దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది మరి. చంటిపిల్లలూ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లూ ఉన్న ఇళ్లలో పొగ సంగతి చిన్నది కాదు.

ఆ మసిని పట్టడానికి డీజిలు బండి గొట్టంలో ఒక జల్లెడ పెట్టారు. డీపీఎఫ్ అంటారు. టీ వడకట్టే జల్లెడలో పిప్పి పేరుకున్నట్టు అందులో మసి పేరుకుంటుంది. పెద్ద రోడ్డు మీద పావుగంటో ఇరవై నిమిషాలో వేగంగా పోతే ఇంజను వేడికి ఆ మసి కాలి బూడిదవుతుంది. వీధి చివరిదాకా వెళ్లి వచ్చే బండికి ఆ వేడి ఎక్కడిది? పిప్పి పేరుకుంటూనే ఉంటుంది. కొన్ని డీజిలు బండ్లలో యూరియా కలిపిన నీళ్లను కూడా విడిగా పోయించాలి. ఈ హంగులన్నిటితో చిన్న డీజిలు కార్ల ధర పెరిగి గిట్టుబాటు కాకుండా పోయింది. మారుతి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిలు కార్లనే మానుకుంది. ఇప్పుడు అమ్ముడయ్యే కొత్త కార్లలో డీజిలువి అయిదింట ఒకటికి అటూ ఇటూ ఉంటాయి. అవీ ఎక్కువగా ఎస్‌యూవీలే.

పదేళ్లకే తుక్కు అన్నది మాత్రం మనకు వర్తించదు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పి, 2018లో సుప్రీంకోర్టు బలపరిచిన ఆ పదేళ్ల నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర సొంత కారుకు పెట్రోలైనా డీజిలైనా రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండి బాగుంటే పొడిగించుకోవచ్చు.

పెట్రోలుకూ ఒక మెలిక ఉందండోయ్! 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దానివల్ల మైలేజీ కొంచెం తగ్గుతుంది. అందుకే కంపెనీవాళ్లు కాగితం మీద చెప్పే మైలేజీని నమ్మి లెక్క వేయకండి. అది పరీక్షలో వచ్చిన అంకె. అదే బండిని మన రోడ్ల మీద తోలేవాళ్లను అడగండి.

పాలలెక్క పుస్తకం తీశాను

ఆవును కొనేటప్పుడు పూటకు ఎన్ని లీటర్లిస్తుందని మాత్రమే అడిగి కొనేస్తామా? మేత ఎంత, మన దొడ్లో నిలుస్తుందా, మనకు నిజంగా ఎన్ని పాలు కావాలి... అన్నీ చూస్తాం. కారుకూ అదే లెక్క అనిపించింది.

"మనం నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామంటారు?" అని మావారిని అడిగాను.

"రెండు వేలు ఈజీగా అవుతాయి" అన్నారు, మీసం దువ్వుకుంటూ.

నేను వాదించలేదు. మా పాలలెక్క పుస్తకంలో వెనక పేజీ తీశాను. 2025 జూన్ నుంచి ఆగస్టు దాకా, కారు ఉండుంటే దేనికి బయటికి తీసేవాళ్లమో అదంతా రాశాను. బస్సులో పోయినా, బాడుగ కారులో పోయినా సరే.

వేలూరు ఆసుపత్రికి మూడుసార్లు, 600 కిలోమీటర్లు. మదనపల్లెలో హాస్టల్లో ఉండే అమ్మాయి దగ్గరికి నాలుగుసార్లు, 400. పలమనేరు, పుంగనూరు పనులు పదిసార్లు, 400. తిరుపతి ఒకసారి, 250. కాణిపాకం 130. బోయకొండ గంగమ్మ మొక్కు 70. మూడు పెళ్లిళ్లకు 300. మొత్తం 2,150 కిలోమీటర్లు, అదీ మూడు నెలలకు! నెలకు 720 కూడా లేదు. కారు కొన్నాక తిరుగుడు కొంచెం పెరుగుతుందనుకుని ఏడాదికి 9,000 వేసుకున్నాను. మావారు పుస్తకం రెండుసార్లు తిరగేసి, "ఇంతేనా?" అన్నారు.

ఇక ఖర్చు చూడండి. మేము చూసిన బండిలో డీజిలుది, అన్నీ కలుపుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి లక్షన్నర ఎక్కువ. ఆ బండ్లు వాడే బంధువులు చెప్పిన మైలేజీ పెట్రోలుకు 13, డీజిలుకు 18. అంటే కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 8 రూపాయల 46 పైసలు, డీజిలు ఖర్చు 5 రూపాయల 44 పైసలు. కిలోమీటరుకు మిగిలేది మూడు రూపాయలు. లక్షన్నరను మూడుతో భాగిస్తే 50,000 కిలోమీటర్లు.

అక్కడితో ఆగితే తప్పు! ఆ లక్షన్నరా అప్పే కదా. 9 శాతం వడ్డీతో అయిదేళ్లకు కంతు నెలకు 3,114 రూపాయలు. మొత్తం 1,86,800 దాకా తేలుతుంది. మూడుతో భాగించండి. 62,000 కిలోమీటర్లు! ఏడాదికి 9,000 తిరిగే మాకు అది తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది. డీజిలు బండికి సర్వీసు ఖర్చు కాస్త ఎక్కువ. అది వేరే.

నాకు ఇంకా తేలిగ్గా అర్థమైన పద్ధతి ఇదీ. డీజిలు కొంటే మాకు నెలకు మిగిలేది 750 కిలోమీటర్లకు మూడేసి రూపాయల చొప్పున 2,250. దానికోసం నెలకు కట్టాల్సిన అదనపు కంతు 3,114. రెండు వేల రెండొందల యాభై మిగుల్చుకోవడానికి మూడు వేల నూట పద్నాలుగు ఖర్చు పెట్టే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా!

అక్కకు మాత్రం డీజిలే

ఈ లెక్క చూపించి మదనపల్లెలో ఉండే మా అక్కకు కూడా పెట్రోలు బండే కొనమని చెప్పబోయాను. "నీ పుస్తకం నీకు, నా పుస్తకం నాకు" అంది అక్క. మా బావది టమాటా వ్యాపారం. వారానికి మూడుసార్లు కోలారనీ చెన్నై అనీ పరుగులే. నెలకు 2,500 కిలోమీటర్లు తగ్గదు. ఏడాదికి 30,000! అదే 62,000 కిలోమీటర్లు వాళ్లకు రెండేళ్ల పైచిలుకులో వచ్చేస్తాయి. ఆ తర్వాత ప్రతి కిలోమీటరుకూ మూడు రూపాయలు మిగులే. పెద్ద రోడ్డు మీద పరుగు కాబట్టి జల్లెడ పూడుకునే బాధా ఉండదు. వాళ్లు డీజిలే కొన్నారు. వాళ్లదీ సరైన నిర్ణయమే.

లెక్క ఒక్కటే, జవాబులు రెండు. అందుకే "డీజిలు మంచిదా, పెట్రోలు మంచిదా?" అని ఊరినడిగితే జవాబు రాదు. మన ఇంటి పుస్తకాన్ని అడగాలి.

"మేడమ్, మీరు రంగు చూడండి!"

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకపోతే ఆ తగ్గింపు వర్తిస్తుంది. అంతకన్నా పెద్దవైతే 40 శాతం. దసరాకు ముందు ఒక షోరూముకు వెళ్లాం.

నేను "దీంట్లో మసి ఫిల్టరు ఎన్ని కిలోమీటర్లకు శుభ్రమవుతుంది?" అని అడిగితే, ఆ అబ్బాయి మావారి వైపు తిరిగి జవాబు చెప్పాడు. "వారంటీలో ఆ ఫిల్టరు వస్తుందా?" అన్నాను. "మేడమ్, మీరు రంగులు చూడండి, ఇంజను సంగతి సార్‌కు చెప్తాను" అన్నాడు. మావారు నిదానంగా చెప్పారు, "బాబూ, ఇంజను సంగతి ఆమెకు చెప్పు. రంగు సంగతి నాకు చెప్పు" అని. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన నాకు కొనిచ్చిన చీరలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు!

రెండు బండ్లూ నేనే నడిపి చూశాను. ముప్పై ఎనిమిదో ఏట లైసెన్సు తీసుకున్నాను లెండి. ఆ రాత్రి పలమనేరులో రెండు గంటలు నిలబడ్డాక, ఇంట్లో ఇద్దరికి బండి తోలడం రావాలని అప్పుడే అనుకున్నాను. పెట్రోలు బండి మెత్తగా, చప్పుడు లేకుండా నడిచింది. డీజిలు కాస్త గురగురలాడినా ఎత్తు మీద ఏనుగులా పోయింది. మనసు అటు లాగిన మాట నిజం. కానీ చేతిలో పుస్తకం ఉంది కదా!

ఇంటికొచ్చి మా అత్తను అడిగాను. ఇంజను ఆడించిన మనిషి కాబట్టి డీజిలే అంటుందనుకున్నాను. "ఆ లచ్చన్నర అప్పు తెచ్చి ఇంజనులో పెట్టేదానికన్నా ఇంట్లో ఉంటే నా మందులకన్నా అవుతుంది, పాప చదువుకన్నా అవుతుంది. మళ్లా యాడ పోయి అడుక్కుంటారు?" అంది. అంతే, మాట తెగింది. పెట్రోలు బండి కొన్నాం.

మొగిలి ఘాటులో

కొన్నదాన్ని పొగిడి, కొననిదాన్ని తిట్టడం న్యాయం కాదు కాబట్టి ఇదీ చెప్పాలి. మొన్న వేలూరులో అత్తను చూపించుకుని వస్తున్నాం. బండిలో అయిదుగురం, వెనకాల సామాను, ఏసీ వేసి ఉంది. చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కడం మొదలుపెట్టగానే మూడో గేరులో బండి మూలిగింది. రెండో గేరుకు దించి, ఏసీ ఆపి, మెల్లగా ఎక్కించాను. పక్కనుంచి డీజిలు బండి ఒకటి ధీమాగా దాటిపోయింది. "మీ మామ ఇంజనైతే ఈపాటికి పైన ఉండునమ్మే" అంది మా అత్త వెనక సీట్లోంచి. అందరం నవ్వుకున్నాం.

నిజమే. నెలకు రెండుసార్లు ఆ ఘాటు దగ్గర డీజిలు గుర్తొస్తుంది. మిగతా ఇరవై ఎనిమిది రోజులూ గుర్తు రాదు. ఏ బండికైనా ఒక లోటు ఉంటుంది. ఆ లోటును తెలిసి కొన్నామా, తెలియక కొన్నామా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు మా పుస్తకంలో ఒక పక్క పాలు, ఒక పక్క పెట్రోలు. నెలాఖరున రెండూ కూడి చూస్తాను. ఆ రాత్రిలాంటిది మళ్లీ రాకూడదనే కోరుకుంటాం. వచ్చినా, ఇప్పుడు వాకిట్లో బండి ఉంది. తాళంచెవి దేవుడి పటం పక్కనే మేకుకు వేలాడుతోంది. నాకు అందే ఎత్తులో!

కొనేముందు ఒక్కసారి...

• మూడు నెలలు మీ తిరుగుడు రాయండి. నెలకు వెయ్యి కిలోమీటర్ల లోపైతే పెట్రోలు వైపు, రెండు వేలు దాటితే డీజిలు వైపు మొగ్గుతుంది. మధ్యలో ఉంటే లెక్క వేసి తీరాల్సిందే.

• ధరలో తేడాను వడ్డీతో సహా తీసుకుని, కిలోమీటరుకు మిగిలే రూపాయలతో భాగించండి. వచ్చిన కిలోమీటర్లను మీరు ఎన్నేళ్లలో తిరుగుతారో చూడండి. లీటరు ధరలు ఆ రోజువి వేసుకోండి.

• రోజూ దగ్గరి దూరాలే అయితే డీజిలు జల్లెడతో తిప్పలు తప్పవు. తీసుకుంటే పదిరోజులకోసారైనా పెద్ద రోడ్డు మీద ఇరవై నిమిషాలు తోలాలి.

• బంకులో "పెట్రోలు" అనో "డీజిలు" అనో నోటితో చెప్పి, దిగి చూడండి. పొరపాటున ఒకదానికొకటి పోస్తే బండి స్టార్టు చేయకండి. పక్కకు తోయించి, ట్యాంకు ఖాళీ చేయించండి. స్టార్టు చేస్తే, ముఖ్యంగా డీజిలు బండికి, రిపేరు వేలల్లో ఉంటుంది.

• రెండు బండ్లూ మీరే నడిపి చూడండి. నడపడం రాకపోతే నేర్చుకోండి. నలభై దగ్గర పడ్డా నేర్చుకోవచ్చు. నేనే సాక్ష్యం!